అడ్డతీగల పద్దు

ప్రభుత్వ కార్యాలయములలో సమాచార వ్యవస్థలకు అధికారులు ఏ రీతిగా ప్రణాళిక వేసికొందురు, ఏ రీతిగా వేసికొనవలెను అన్నది ఈనాటి ప్రసంగ విషయము. ఇది ఇంజనీర్ల గొడవ యనియు, గృహస్థులమైన మనకు దీనితో పనిలేదనియు శ్రోతలకు తోచుట సహజము. కాని సమాచార వ్యవస్థ యనునది కంప్యూటరు కన్న చాల పాతది. పాలమనిషి పోసిన పాలకు వంటింటి గోడమీద బొగ్గుతో గీట్లు గీసికొనిన ఇల్లాలు నడపినది సమాచార వ్యవస్థయే. గీటు ఎవరు గీయవలెను, నెలాఖరున ఎవరు లెక్కింపవలెను, పాలమనిషి కాదన్నచో తగవు ఎవరు తీర్చవలెను అను మూడు సంగతులను ఆమె ముందే నిర్ణయించుకొన్నది. బొగ్గు బదులు మీట నొక్కినను, గోడ బదులు తెర వచ్చినను అడుగవలసిన ప్రశ్నలు ఈ మూడే. వీనిలో మూడవదానిని మన కచేరీలు తరచుగా మరచిపోవుచున్నవి. దాని ఫలితము ఎవరి ఇంటిమీద పడునో చూచుటకు మేము రాజధానిని గాక అడ్డతీగలను ఎంచుకొంటిమి.

ఏలేశ్వరము దాటి మన్యములోనికి ఎక్కు దారిలో అడ్డతీగల ఉన్నది. ఒక వంక రాజవొమ్మంగి, మరొక వంక గంగవరము, పైన వై. రామవరము కొండలు. విస్తళ్లు కుట్టు అడ్డాకు తీగ ఊరి పేరులోనే అల్లుకొని యున్నది. చుట్టుపట్ల గూడెములలో కొండరెడ్లు, కోయదొరలు మొదలగువారు నివసింతురు. ఇది షెడ్యూల్డు ప్రాంతము. మైదానపు తాలూకాలలో చెల్లు శాసనములు కొన్ని ఇక్కడ చెల్లవు. ఇక్కడ చెల్లునవి కొన్ని అక్కడ లేవు.

ఈ సీమలో ప్రభుత్వమునకును వ్రాతకును గల సంబంధము విచిత్రమైనది. పూర్వము రంప దేశము ముఠాలుగా ముఠాదారుల చేతిలో నుండెడిది. ఏ గూడెమున ఎన్ని గడపలు, ఎవరి పోడు ఏ వాలున ఉన్నది అను లెక్క ముఠాదారునకు, ఊరి పెద్దకు నోటనే యుండెడిది. కొండ సంగతి తెలియని కచేరీ పైనుండి కల్లుమీద పన్ను కట్టించుట 1879 నాటి రంప తిరుగుబాటు కారణములలో ఒకటి. తరువాత 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి చేసినప్పుడు, తాము తీసికొనిన ఆయుధముల పట్టీని ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము పెట్టినారు. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణా వంతు వచ్చినది. ముందుగా కబురు తెలియుటచే పోలీసులు ఆయుధములను అప్పటికే దాచియుంచిరి. పుస్తకములో ఎక్కనిది జరుగనట్లే యని ఈ ప్రభుత్వము భావించునని రాజుగారికి బాగుగా తెలిసియుండవలెను.

ముఠాదారీ పద్ధతి 1969 నాటి రెగ్యులేషనుతో రద్దయినది. ముఠాలను రైత్వారీ క్రిందికి తెచ్చు పని అప్పుడు మొదలైనది. అనగా కోస్తా గ్రామములలో కొన్ని తరములనుండి యున్న భూమి దస్తరములు, సర్వే నంబర్లు, అడంగళ్లు ఈ కొండలలోని పెక్కు గూడెములకు నిన్న మొన్నటివి. వీనికి తోడు 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, దానిని 1970లో సవరించిన రెగ్యులేషను ఉన్నవి. ఈ సవరణ ననుసరించి షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరునికి భూమి బదిలీ చెల్లదు. అంతేకాదు, గిరిజనేతరుని చేతిలోనున్న భూమి మొదట గిరిజనునిదే యని చట్టము ఊహించును. కాదని ఋజువు చేసికొను భారము గిరిజనేతరునిదే. ఇంత బలమైన చట్టము చివరకు దేనిమీద నిలుచును? అడంగలులోని ఒక గడిలో వ్రాసిన పేరుమీద. అట్టి చోట దస్తరములను కంప్యూటరు కెక్కించు ప్రణాళికను ఎవరు వేసినను వారు ఒక గుమాస్తా పనిని సులభతరము చేయుటలేదు. ఎవరి భూమి ఎవరిదో తేల్చుచున్నారు. 2015లో మీభూమి యను పేర అడంగళ్లు, 1-బి పత్రములు అందరికిని తెరమీద కనబడ నారంభించినవి. మంచిదే. అంతకుముందు కరణము బీరువాలోని పుస్తకమును చూడవలెనన్న ఒక ప్రయాణము, ఒక దణ్ణము, అప్పుడప్పుడు ఇంకేదో కావలసి వచ్చెడిది. అయితే పాత పుస్తకములోని తప్పు తెరమీది కెక్కిన పిమ్మట దానికి తెలియని గౌరవము అబ్బును. "కంప్యూటరులో ఇట్లే యున్నది" అన్న మాటకు ఎదురు చెప్పుట, "కరణము తప్పు వ్రాసినాడు" అని చెప్పినంత తేలిక కాదు.

ఇక ఈ మండలములో ఒక కొండరెడ్డి కుటుంబమును ఎన్ని కచేరీలు వ్రాసికొనుచున్నవో చూడుడు. తహశీలుదారు భూమిని, కులమును వ్రాయును. మండల పరిషత్తు ఉపాధి పనిని, పింఛనును చూచును. రంపచోడవరములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అనగా ఐదవ పంచవర్ష ప్రణాళిక కాలమున వచ్చిన ఐ.టి.డి.ఏ., ఆశ్రమ పాఠశాలలను, గిరిజన పథకములను నడపును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తన డిపోలలో బియ్యము అమ్మును, చింతపండు, కుంకుడుకాయ, కరక్కాయ, తేనె కొనును. అటవీ శాఖ వద్ద 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింది పట్టాల లెక్క ఉండును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము గర్భిణుల పట్టీని, అంగన్‌వాడీ పిల్లల పట్టీని, బ్యాంకు ఖాతాను వ్రాసికొనును. ఒకే ఇంటికి ఎనిమిది పద్దులు! ఎనిమిదింటిలోను ఇంటి యజమాని పేరు ఒకే తీరున ఉండునను నమ్మకము లేదు. కొండరెడ్డి నోటితో చెప్పిన పేరును మైదానమునుండి వచ్చిన ఉద్యోగి తనకు వినబడినట్లు ఆంగ్ల లిపిలో కొట్టును. ఆ ఆంగ్లమును యంత్రము తిరిగి తెలుగు చేయును. మధ్యలో ఒక దీర్ఘము పోవును, ఒక ఒత్తు వచ్చును. అంతమాత్రమున బ్యాంకుకు ఒక మనిషి, ఉపాధి పనికి మరొక మనిషి అయికూర్చుందురు. మనుష్యుల సంగతి అట్లుంచి, అడ్డతీగల యను ఊరి పేరునే ఆంగ్ల లిపిలో రెండు మూడు విధముల వ్రాయుచున్నారు. యంత్రము దృష్టిలో అవి రెండు మూడు ఊళ్లు.

ఈ చిక్కు పేరుతో ఆగదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అడ్డతీగల తూర్పు గోదావరి జిల్లానుండి వేరై పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. 2025 చివరను రంపచోడవరము కేంద్రముగా పోలవరము జిల్లాను ఏర్పరచు నిర్ణయము వెలువడినది. కొండ కదలలేదు, ఇల్లు కదలలేదు. జిల్లా మాత్రము మారినది. జిల్లా సంఖ్యను ఇంటి సంఖ్యలో కలిపి కుట్టిన ప్రతి పద్దును అప్పుడు విప్పి మరల కుట్టవలెను. కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారు దేశములోని ప్రతి స్థానిక సంస్థకును ఒక స్థిరమైన సంఖ్యనిచ్చు పట్టికను నడపుచున్నారు. జిల్లా మారినను గ్రామపు సంఖ్య మారదు. ఇట్టి పట్టికను ఆధారము చేసికొని కట్టిన వ్యవస్థ జిల్లాలు మారినప్పుడు తట్టుకొని నిలుచును. జిల్లా పేరుతో మొదలుపెట్టి కట్టినది బీటలు వారును. ఇది చిన్న సంగతివలె కనబడును. కాని దూరదృష్టితో వేసిన ప్రణాళికకును, ఆ ఏటి నిధులు మురిగిపోకుండ వేసిన ప్రణాళికకును గల భేదము ఇట్టి చోట్లనే బయటపడును.

ప్రణాళిక మాట వచ్చినది గనుక దాని శాస్త్రమును కొంచెము చెప్పుకొందము. ఈ విద్య మొదట పెద్ద వర్తక సంస్థలలో పుట్టినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జాన్ రాకార్ట్ 1979లో ఒక చక్కని మార్గము చెప్పినాడు. అధికారి ముందు గుట్టలుగా నివేదికలు పోయవద్దు. నీ పని నెగ్గవలెనన్న ఏ నాలుగైదు సంగతులు తప్పక సరిగా జరుగవలెనో అతనినే అడుగుము. ఆ నాలుగైదింటి సమాచారమును మాత్రము వేళకు అందించుము. ఇది బంగారమువంటి సలహా. రంపచోడవరములోని ప్రాజెక్టు అధికారిని ఇదే ప్రశ్న అడిగినచో ఏమి చెప్పును? వానలకు ముందు పై గూడెముల డిపోలకు బియ్యము చేరినదా, ఆశ్రమ పాఠశాలలలో జ్వరములు పెరుగుచున్నవా, కాన్పు దగ్గర పడిన స్త్రీలు దారిలేని గూడెములలో ఎందరున్నారు, పని చేసినవారికి కూలి ముట్టినదా. ఇంతియే గదా! కాని ఆయన బల్లమీదికి వచ్చు కాగితములను, తెరమీదికి వచ్చు పట్టికలను చూచినచో వానిలో చాల భాగము పైవారు అడిగినవే. తనకు కావలసినవి కొద్ది. మన కచేరీలలో సమాచారము కొండ దిగుచున్నది గాని కొండ ఎక్కుట లేదు.

1986లో బారీ బోజ్‌మన్, స్టూవర్ట్ బ్రెట్‌ష్నైడర్ అను ఇద్దరు అమెరికా పండితులు మరొక సంగతిని ఎత్తిచూపినారు. ప్రభుత్వ సంస్థ వర్తక సంస్థవంటిది కాదు. కనుక వర్తకుని సమాచార విధానమును తెచ్చి ప్రభుత్వమునకు తొడిగినచో సరిపడదు. కొనుగోలుకు నియమములు అడ్డు వచ్చును, ఒక శాఖ పని నాలుగు శాఖలమీద ఆధారపడి యుండును, లాభనష్టములను కొలుచుటకు రూపాయల త్రాసు చాలదు. వారు చెప్పినదానికి మేము ఒక మాట చేర్చుదుము. వర్తకుడు తనకు అనుకూలించు ఖాతాదారులను ఎంచుకొనగలడు. దారిలేని ఊరికి సరుకు పంపనని చెప్పగలడు. తహశీలుదారునకు ఆ వీలు లేదు. ఆయన వ్యవస్థ నూటికి తొంబదియైదుగురికి చక్కగా పనిచేసినదని చెప్పుట గొప్ప కాదు. మిగిలిన అయిదుగురు వై. రామవరము కొండలమీదివారైనచో, వారికొరకే గదా ఆ కచేరీ పెట్టినది. ఇంతకు తోడు అధికారులు రెండు మూడేండ్లలో బదిలీ యగుదురు. ఒకరు మొదలుపెట్టిన వ్యవస్థను తరువాతివారు చూడనైన చూడక క్రొత్తదానిని ప్రారంభింతురు. ప్రారంభోత్సవమునకు పూలదండలు ఉండును. పాత వ్యవస్థను చక్కగా నడపినందుకు దండ వేయువారెవరు?

ఈ కష్టములు మనకే ప్రత్యేకము కావు. ఇంగ్లండు ప్రభుత్వము 2002లో తమ జాతీయ ఆరోగ్య సేవకు దేశమంతటికి ఒకే కంప్యూటరు వ్యవస్థ కట్టుటకు పూనుకొన్నది. వేలకోట్లు పోసి, వైద్యులను అడుగుటకన్న ముందు గుత్తేదారులను కుదిర్చి, చివరకు 2011లో ఆ కార్యక్రమమును విప్పివేయుచున్నట్లు ప్రకటించినది. రిచర్డ్ హీక్స్ అను పరిశోధకుడు వర్ధమాన దేశములలోని ఇట్టి ప్రభుత్వ పథకములను పరిశీలించి, 2003లో ఒక అంచనా వేసినాడు. అందులో నూటికి 35 పూర్తిగా విఫలములు, 50 పాక్షికముగా విఫలములు, 15 మాత్రమే సఫలములు. కారణముగా ఆయన చెప్పినది కచేరీలో కూర్చొని ఊహించుకొన్న లోకమునకును నిజమైన లోకమునకును నడుమ ఉన్న అగడ్త. దారిలో అగడ్త యున్నదని తెలియనివాడు గుఱ్ఱమును ఎంత వేగముగా తోలిన అంత ప్రమాదము.

మన రాష్ట్ర చరిత్రలో రెండు మూడు ఉదాహరణములు ఈ సందర్భమున తలచుకొనదగినవి. 1998 నవంబరులో రిజిస్ట్రేషను శాఖలో కార్డ్ అను వ్యవస్థ ఆరంభమైనది. దస్తావేజు నకలుకు రోజులు పట్టుచోట గంటలు చాలునని దేశమంతట దానికి పేరు వచ్చినది. భూమి వెల లెక్కకట్టుట, పాత దస్తావేజులు వెదకుట నిజముగానే సులభమైనది. అయినను 2004లో వెలువడిన ఒక పరిశీలన, మధ్యవర్తులు పోలేదని, ముడుపులు ఆగలేదని చూపినది. ఏలయన, ప్రణాళికలో బల్లమీది పుస్తకమును మార్చినారు గాని బల్లకు ఈవలి మనిషి తన కాగితము తానే వ్రాసికొనగల ఏర్పాటును అంత శ్రద్ధగా చూడలేదు. ఏజెన్సీలోనైతే ఇంకొక చిత్రము ఉన్నది. గిరిజనేతరునికి బదిలీ చెల్లదు గనుక చేతులు మారిన భూమి రిజిస్ట్రేషను కచేరీకి రానే రాదు. తెల్ల కాగితము మీద, నోటిమాట మీద, ఇంకొకరి పేర జరిగిపోవును. వ్యవస్థ ఎంత నిర్మలముగా నడచినను తన గుమ్మము తొక్కనిదానిని అది చూడజాలదు. భూమిని సాగుచేయుచున్నదెవరో గట్టుమీదికి పోయి చూచు మనిషి లేనిదే ఏ తెరయు ఆ సంగతి చెప్పదు.

రెండవ ఉదాహరణము మాకు ఎక్కువ ముఖ్యమని తోచుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ కూలిని, పింఛనులను వేలిముద్రల స్మార్టుకార్డు ద్వారా ఇచ్చు పద్ధతిని 2010 నుండి 8 జిల్లాలలోని 157 మండలములలో ఒక పరీక్షగా, చీట్లు తీసినట్లు ఎంపిక చేసి, విడతలుగా ప్రవేశపెట్టినారు. ఆ ప్రాంతపు జనసంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రవేత్తలు దాని ఫలితములను 2016లో ప్రకటించినారు. కూలి తొందరగా అందినది, దానికొరకు వేచియుండు వేళ తగ్గినది, మధ్యలో కారిపోవు సొమ్ము తగ్గినది. కార్డు పొందినవారిలో చాల అధిక భాగము పాత పద్ధతికన్న ఇదియే మేలన్నారు. ఇక్కడ గమనింపవలసినది యంత్రమును కాదు, ప్రణాళికను. సొమ్ము ఇచ్చు మనిషిని, ఎక్కువగా పొదుపు సంఘపు స్త్రీని, ఆ ఊరిలోనే నియమించినారు. రెండేండ్ల తరువాత కూడ చెల్లింపులలో సగము మాత్రమే క్రొత్త దారికి వచ్చినవి. అంతవరకు కార్డు రానివారికి, వేలిముద్ర పడనివారికి పాత దారిని మూయలేదు. పై అధికారులు దానిని వైఫల్యముగా భావించి ఉండవచ్చును. మాకు మాత్రము అదియే దాని విజయరహస్యముగా కనబడుచున్నది.

ఆ పరిశోధకులే ఝార్ఖండులో చౌకధరల బియ్యమునకు ఆధారు వేలిముద్రను తప్పనిసరి చేసిన పిమ్మట ఏమి జరిగినదో చూచి 2020లో వెల్లడించినారు. అక్కడ కారుట సగటున తగ్గలేదు. ఆధారు సంఖ్యను కార్డుకు కలుపుకొననివారి బియ్యము మాత్రము సుమారు పదవ వంతు తగ్గినది. వేలిముద్ర అదే, యంత్రము అటువంటిదే. ఒకచోట ముందు దారి వేసి పిదప పాత దారిని విడిచినారు. మరొకచోట ముందు పాత దారిని మూసినారు. సమాచార వ్యవస్థకు వ్యూహము అనగా ఇదియే గాని, ఎన్ని యంత్రములు, ఎన్ని లక్షలు అను పట్టీ కాదు. వ్యూహము అను మాటకు మన పెద్దలు లోపలికి పోవు దారిని, వెలికి వచ్చు దారిని కలిపియే చెప్పుకొన్నారు. లోపలికి పోవుట మాత్రమే తెలిసిన అభిమన్యుని గతి మనకు తెలియనిది కాదు.

మూడవది అతి చవుకయైనది. 2018లో తెలంగాణములో రైతుబంధు చెక్కుల పంపిణీ వేళ, కొన్ని మండలముల వ్యవసాయాధికారులకు ఒక మాట చెప్పినారు: మీ రైతులకు మేము టెలిఫోను చేసి చెక్కు ముట్టినదా యని అడుగుదుము. అంతియే. అట్లు చెప్పిన మండలములలో చెక్కులు వేళకు అందినవారి సంఖ్య కొంచెము పెరిగినది. పెరుగుదల చిన్నదే, కాని ఖర్చు అంతకన్న చాల చిన్నది. ఇచ్చినవాని వ్రాతను గాక పుచ్చుకొనినవాని మాటను లెక్కలోనికి తీసికొనుటలో ఇంత బలమున్నది. మన పాలలెక్కలో ఇల్లాలి గోడ నిలిచినది ఇందువలననే. గీట్లు గీసినది పాలమనిషి కాదు, పాలు పోయించుకొనినామె.

ఇవి తెలిసికొని మరల అడ్డతీగలకు వచ్చి చూతము. 2023 జనవరి 1 నుండి ఉపాధి పని హాజరును చరవాణిలో రెండు పూటల ఛాయాచిత్రములతో ఎక్కించుట తప్పనిసరి చేసినారు. 2024 జనవరి 1 నుండి ఆధారుతో ముడిపడిన చెల్లింపు తప్పనిసరియైనది. దొంగ హాజరును ఆపుట వీని ఉద్దేశము. ఉద్దేశమును ఎవరు కాదందురు? కాని కొండ వెనుక గూడెములో సిగ్నలు అందదు. మేటు ఎక్కవలసిన గుట్ట ఎక్కి, చిత్రము పోయినదో లేదో తెలియక దిగివచ్చును. చిత్రము పోనిచో ఆ దినపు చెమట లెక్కలో లేదు. ఢిల్లీలో ఈ నియమమును వ్రాసిన బల్లకు అడ్డతీగల మేటును పిలిచి, సిగ్నలు లేని నాడు నీవు ఎచట వ్రాయుదువు, ఆ వ్రాతను ఎవరు ఒప్పుకొందురు అని అడిగియుండినచో నియమములోనే ఒక వాక్యము అదనముగా చేరియుండెడిది. 2023 నవంబరులో ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకములో, అతి దుర్బలములైన గిరిజన సమూహముల ఆవాసములకు సెల్ టవర్లు నిలుపుట కూడ ఒక అంశముగా చేర్చినారు. కొండరెడ్లు ఆ సమూహములలోనివారే. టవరు ముందు, నియమము తరువాత అన్న వరుస పాటించియుండినచో ఎంత బాగుండెడిది!

2019 అక్టోబరు 2న రాష్ట్రమున గ్రామ సచివాలయములు వచ్చినవి. కచేరీ ఒకటి గ్రామము దాకా దిగి వచ్చుట నిజముగా పెద్ద మార్పు. వానితోపాటు నియమింపబడిన వలంటీర్లు, ఏబది ఇండ్లకు ఒకరు చొప్పున, ఇంటింటి సమాచారమును చేతి ఫోనులలో మోసినారు. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయినది. పింఛను పంచుట సచివాలయ ఉద్యోగుల పని యైనది. వలంటీర్లు మంచివారా కారా యను వాదము మాకు పనిలేదు. ప్రణాళిక వేయు అధికారి అడుగవలసినది వేరొకటి: ఏ గడపలోని ముసలిది నడవలేదు, ఏ ఇంటి బాలింత పుట్టింటికి పోయినది అను తెలివిడి ఆ మనుష్యులతోనే పోయినదా, లేక ఏదేని పుస్తకములో మిగిలినదా? 2025 జనవరి 30న ప్రభుత్వము మనమిత్ర యను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినది. పట్టణపు గృహస్థునకు ఇది నిస్సందేహముగా వరము. పింఛను కాగితముకై సగము దినము సెలవు పెట్టవలసిన పని తప్పినది. చదువు రానివారి గూడెములలో ఫోను ఉన్నచోటను దానిని నడపునది ఇంటి కుఱ్ఱవాడో, సంతలోని దుకాణదారుడో. మధ్యవర్తి పోలేదు, వయస్సు తగ్గినది.

ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టవలెనని అధికారులు అడుగుదురు. ఆఖరి బల్లవద్ద మొదలుపెట్టవలెనని మా సమాధానము. డిపో గుమాస్తా, మేటు, ఆశా కార్యకర్త, సచివాలయములోని కుఱ్ఱవాడు ఒక దినములో ఎన్నిసార్లు ఒకే పేరును ఎన్ని యంత్రములలో కొట్టుచున్నారో ప్రక్కన కూర్చొని లెక్కింపవలెను. ఎనిమిది పద్దులను ఒక్కసారిగా కలిపివేయవలెనను ఉబలాటము అధికారులకు సహజము. 2006లో జాతీయ ఈ-పరిపాలన ప్రణాళిక ఆమోదము పొందిననాటినుండి ఈ మాట దేశమంతట వినబడుచున్నది. కలుపుట మంచిదే, కాని అన్నిటికి ఒకే తాళము వేసినచో ఆ తాళము చెడిననాడు బియ్యము, కూలి, పింఛను మూడును ఒకేసారి ఆగును. ఇంటి పద్దులోనైనను వెండి సామాను, విత్తనపు గింజలు ఒకే అరలో ఏ ఇల్లాలును పెట్టదు. తరువాత ఖర్చు సంగతి. యంత్రము కొను నాటి వెలను బడ్జెటులో వ్రాసి, మూడవ ఏట దాని బ్యాటరీని, అయిదవ ఏట దాని మార్పును వ్రాయని ప్రణాళిక సగము ప్రణాళికయే. గుత్తేదారుతో ఒడంబడికలో, గుత్తేదారు మారినప్పుడు దత్తము ఎవరి వశమున ఏ రూపమున ఉండవలెనో ముందే తేల్చుకొనవలెను. ఈ ఒక్క వాక్యము వ్రాసికొనని కచేరీలు తమ పుస్తకమును తామే అద్దెకు తెచ్చుకొని చదువవలసి వచ్చును.

అన్నిటికన్న కష్టమైనది దిద్దుబాటు. పద్దులో తప్పు పడుట నేరము కాదు. లక్షల పేర్లు ఎక్కించుచోట తప్పు పడక మానదు. ఆ తప్పు ఎవరికి కనబడును, ఎవరు దిద్దగలరు, ఎన్ని దినములలో దిద్దుదురు అను మూడు ప్రశ్నలకు ప్రణాళికలో లిఖితముగా సమాధానము ఉండవలెను. తప్పును ఎక్కించు అధికారము అడ్డతీగలలో ఉండి, దిద్దు అధికారము జిల్లా కేంద్రములో ఉండినచో, ఒక అక్షరముకొరకు మనిషి ఘాటు దిగి ఎక్కవలెను. 2022 నుండి 2025 చివరి వరకు అడ్డతీగలవారి జిల్లా కేంద్రము పాడేరుగా ఉండెడిది. అది కొండలను చుట్టి పోవలసినంత దూరము. కూలి దినము పోవును, బస్సు ఖర్చగును, పోయిననాడు ఆ అధికారి ఊరిలో ఉండకపోవచ్చును. అప్పుడా మనిషి అక్షరమును వదలుకొనును. అక్షరముతో పాటు ఆ నెల కూలిని, కొన్ని వేళల భూమిని వదలుకొనును. పై పట్టికలో మాత్రము అట్టివాడు లేడు గనుక ఫిర్యాదులు తగ్గినవని కనబడును.

బియ్యపు డిపోవద్ద ఈ సంగతి ఇంకను తేటగా కనబడును. 2012లో వేలిముద్రతో బియ్యమిచ్చు పరీక్షను రాష్ట్రములో మొదట చేసినది తూర్పు గోదావరి జిల్లాలోనే. 2015 నుండి అది రాష్ట్రమంతట వ్యాపించినది. వేలిముద్ర పడనిచో గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్రతో పూచీపడి ఇప్పించు వెసులుబాటును కూడ కల్పించినారు. ఇది తెలివైన ఏర్పాటు. తగవు తీర్చువాడు ఎవరో ముందే నిర్ణయించినది. ఇక ప్రణాళిక వేయువారు ఒక్క వానకాలపు దినమును తలచుకొనవలసియున్నది. ఏళ్ల తరబడి చింతపండు పిక్క తీసి, గుంజు తీసి, రేఖలరిగిన వ్రేళ్లతో ఒక ముసలమ్మ డిపోకు వచ్చినది. యంత్రము ఆమెను ఎరుగనన్నది. వాగు పొంగినందున రెవెన్యూ అధికారి ఆవలి ఒడ్డున ఉండిపోయినాడు. గుమాస్తా ఆమెను చిన్ననాటినుండి ఎరుగును. అతడు ఆమెకు బియ్యము కొలిచి ఇచ్చి, ఏ పుస్తకములో, ఎవరి సాక్షి సంతకముతో వ్రాసికొనవచ్చును? ఆ వ్రాత ఎన్ని దినములలోగా కంప్యూటరు కెక్కవలెను? అంతవరకు ఆ బియ్యపు లోటు ఎవరి లెక్కలో నిలువవలెను?